అబ్బచెలమలో నీరు పడిన వైనం

కంపవంక అనే వాగు ఇసుకలో, దారికి అరకోసు దూరాన అబ్బచెలమ క్షేత్రం ఉంది. గోపురం లేదు, ప్రహరీ లేదు. ఉలి తగలని నిలువు రాయి ఒకటి, దాని భుజాన నల్లగొంగడి, ఎదుట మోకాటి లోతు నీళ్ళతో చెలమ. రోహిణి కార్తెలో వంకంతా పెనంలా కాలుతున్నా ఈ నీటిలో చెయ్యి పెడితే జిల్లుమంటుంది. ఈ సీమలో తాతను అబ్బ అంటారు గనుక దీనికి ఆ పేరు వచ్చింది. తాతనో అవ్వనో పోగొట్టుకున్న కుటుంబాలు దినాలు ముగిశాక ఇక్కడికి వస్తాయి. ఎందుకు వస్తాయో తెలియాలంటే ఎర్రక్క సంగతి తెలియాలి.

పూర్వం ఇక్కడ ఓబులప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ఆయనకు నాలుగు వందల జీవాలు. వాన ఎంత మొగం చాటేసినా, వంకలో ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో ఆయన ఒక్కడికే తెలుసు. మంచి కాలంలో ఆ చోటి జోలికి పోడు, ఎవరికీ చూపడు. "అందరూ చూసిన నీరు అవసరానికి మిగలదు" అనేవాడు. ఒక చైత్రమాసంలో, చేతికర్ర చేతిలో ఉండగానే, ఆ చోటి గుట్టు కడుపులో పెట్టుకొని కన్నుమూశాడు. కరువుకు అది మూడో ఏడు.

పదకొండో దినానికి బంధువులంతా చేరారు. అత్తవారి ఊరి నుంచి మనవరాలు ఎర్రక్క కూడా వచ్చింది. వచ్చిందే గాని ఆమె కంట తడి లేదు. అప్పటికి బావులన్నీ అడుగంటాయి. మరొక్క పొద్దు నీరు లేకపోతే మంద దక్కదు. ఎర్రక్క అన్న సిద్దప్ప అందరినీ వంక ఒడ్డున కూర్చోబెట్టాడు.

"అబ్బను గురించి ఎవరికి ఏది గుర్తుంటే అది చెప్పండి. ఏదో ఒక మాటలో ఆనవాలు దొరక్కపోదు" అన్నాడు.

ఆయన కూర్చునే గుండురాయి ఒకరు చెప్పారు. పిల్లలకు రేగుపండ్లు పంచిన మలుపు ఒకరు చెప్పారు. చెప్పిన చోటల్లా తవ్వారు. ఏడు గుంతలు పడ్డాయి గాని నీరు పడలేదు. ఎర్రక్క మాత్రం నోరు విప్పలేదు.

"ఏమే, నాలుక అత్తగారింట్లో మరిచి వచ్చినావా?" అని పినతల్లి దెప్పింది.

"నా దగ్గర పొగడ్త లేదు చిన్నమ్మా."

మిట్టమధ్యాహ్నం తుమ్మ నీడన సిద్దప్పకు కునుకు పట్టింది. కలలో అబ్బ వీపు తిప్పి కూర్చున్నాడు. "నన్ను సగమే పిలిచినారు కదరా. సగం మనిషి నీళ్ళెట్లా చూపిస్తాడు?" అన్నాడు. సిద్దప్ప ఉలిక్కిపడి లేచి నేరుగా చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు.

"తక్కిన సగం నీ దగ్గరుంది. చెప్పు తల్లీ."

ఎర్రక్క అప్పుడు నోరు విప్పింది. "ఎనిమిదేళ్ళప్పుడు ఈ వంకలో మేకను కట్టేసినా. అబ్బ ఉరికొచ్చి బరికెతో వాతలు తేలేటట్టు కొట్టినాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆ పొద్దు నుంచి ఆయన చేతి ముద్ద తినలేదు. నా పెండ్లినాడు కాళ్ళు మొక్కలేదు. నాకు గుర్తుండేది అదొక్కటే."

"పోయిన మనిషి మీద ఇదా చెప్పే మాట!" అని పినతల్లి చెవులు మూసుకుంది.

"చెప్పనీ చిన్నమ్మా" అని సిద్దప్ప చెల్లెలి వైపు తిరిగాడు. "కొట్టినాక ఏం చేసినాడే?"

"మేక వేసిన పెంటికలు ఒక్కొక్కటే ఏరి, తన తువ్వాల్లో మూటగట్టుకొని పోయినాడు."

సిద్దప్ప నిటారుగా నిలబడ్డాడు. "నాలుగు వందల జీవాలు తొక్కే వంకలో ఆ ఒక్క చోట పెంటికలు ఏరినాడంటే, దాని కిందనే నీళ్ళుండాలి. ఎక్కడే అది?"

కొట్టినవాడు మరిచినా దెబ్బ తిన్నవాడు మరవడు. ఎర్రక్క ఒక్క అడుగు కూడా తడబడకుండా వెళ్ళి, వంక నడుమ ఒక చోట నిలబడింది. అక్కడ తవ్వారు. నడుము లోతున ఇసుక నల్లబడింది. మరో జానెడు తవ్వగానే నీరు ఉబికింది.

ఎర్రక్కే ముందుగా దోసిలి పట్టింది. తాగి, "ఈ ముక్క ఆ పొద్దే చెబితే నీ సొమ్మేం పోయేది అబ్బా!" అని గట్టిగా అరిచింది. అలా అరుస్తూనే గుంత ఒడ్డున కూలబడి, పదకొండు దినాలు రాని ఏడుపు అంతా ఏడ్చింది. సాయంత్రానికి మంద మొత్తం తాగింది, చెలమ తగ్గలేదు. మరునాడు ఆమె కోరిక మీదే అక్కడ అబ్బ రాయి నిలిపారు.

ఏటా వంక పారినప్పుడు చెలమ పూడిపోతుంది. వచ్చిన కుటుంబాలు చేతులతోనే ఇసుక తోడుతాయి. ఒక్కో దోసెడు ఇసుకకు పోయినవారి జ్ఞాపకం ఒకటి చెప్పాలి. ఇక్కడ పూజ ఎర్రక్క వంశం ఆడవాళ్ళదే. "పెద్దాయన మీద కోపం ఎవరికుంది?" అని పూజారిణి అడుగుతుంది. ఆ కోపం చెప్పినవారికే తొలి తీర్థం. "మా తాత దేవుడమ్మా, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అనేవారూ ఉంటారు. వారికి ఆమె చాప పరిచి, "అట్లయితే ఇంకాసేపు కూర్చోండి" అంటుంది.

అలా కూర్చున్నవారిలో మాట బయటపడక తిరిగి వెళ్ళినవారు ఇంతవరకు లేరు. ఈ తీర్థం తాగిన ఇంట అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ నడుమ మాట ఆగదు, మందకు నీటి కొరత రాదు, పోయిన పెద్దలు నిండు మనుషులుగా ఆ ఇంటిని కాస్తారు.