ఆఖరి గ్లాసు తాగే అమ్మ: కాగులంక కాగమ్మ తల్లి మహిమ

గోదావరి రెండు పాయల నడుమ ఉన్న మా కాగులంకకు ఎవరైనా పడవ మీదే రావాలి. రేవులో దిగి ఇసుకలో నాలుగడుగులు వేయగానే, కొబ్బరాకుల పందిరి కింద మీ చేతికి ఒక గ్లాసు వేడినీళ్ళు ఇస్తారు. "ఇంత ఎండలో వేడినీళ్ళేంటండీ బాబూ!" అనని యాత్రికుడు లేడు. అనండి, తప్పులేదు. కానీ తాగందే గుడి మెట్టు ఎక్కనివ్వరు. లోపల విగ్రహమంటూ ఉండదు. ఒక పాత రాతి పక్కన, పీట మీద మసిబారిన పెద్ద మట్టి కాగు, దాని అంచు చుట్టూ పసుపు కుంకుమ. ఆ కాగే మా తల్లి. సంగతి తెలిసి తాగితే ఆ నీళ్ళ రుచే వేరు కనుక, ఈ నాలుగు మాటలూ విన్నవించుకుంటున్నాను.

పూర్వం ఇక్కడ నలభై గడపలే ఉండేవి. రేవుగట్టున ఉన్న రాతినే అమ్మవారిగా కొలిచేవారు. ఒక ఏడు ఆషాఢంలో ఏటికి ఎర్రనీరు దిగింది, దాని వెనకాలే గత్తర వచ్చింది. గత్తరంటే సామాన్యం కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని, పొద్దున్న పలకరించిన మనిషి సాయంత్రానికి ఉండేవాడు కాదు. వరదకు పడవలు ఆగాయి, వైద్యుడు అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. తొమ్మిది రోజుల్లో పదకొండుమంది పోయారు.

దిక్కుతోచని పెదకాపు సూరన్నగారు అమ్మవారి రాతి ముందే కటిక ఉపవాసంతో పడుకున్నారు. కలలో తల్లి కనబడి, "పచ్చినీళ్ళు పడటం లేదురా. కాచి, ఉప్పూ బెల్లమూ వేసి పొయ్యి" అని ఆనతిచ్చింది.

లంకలో అంత పెద్ద కాగు ఆదెమ్మ ఒక్కదానికే ఉంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెట్టి బతికే మనిషి ఆవిడ. రోజూ కాగునిండా నీళ్ళు మరగకాచి, ఉప్పూ బెల్లమూ కలిపి, చల్లార్చి ఇచ్చేది. ఊరంతా ఆ నీళ్ళను పరమభక్తితో రాతి మీద పోసేది. పోసి, దాహమేస్తే ఏట్లోకి దిగి దోసిళ్ళతో పచ్చినీళ్ళు తాగి ఇళ్ళకు పోయేది! మా పెద్దలు చేసిన పొరపాటు ఇదేనండీ, దాచడమెందుకు?

ఇలా పొయ్యడం మొదలెట్టిన అయిదోనాడు ఆదెమ్మ మనవరాలు, ఏడేళ్ళ సీతాలు, మంచాన పడింది. కళ్ళు లోతుకు పోయాయి, నాలుక పిడచగట్టింది. "నీళ్ళే, మామ్మా" అంటోంది పిల్ల. ఇంట్లో ఉన్నవల్లా అమ్మవారి నీళ్ళే. ఆదెమ్మ ఒక్క క్షణం చేతులు జోడించి, ముంత ముంచి పిల్ల నోట పోసింది. మళ్ళీ మళ్ళీ, గుక్కగుక్కగా పోస్తూనే ఉంది.

అభిషేకం నీళ్ళ కోసం వచ్చిన సూరన్నగారు గుమ్మంలోనే మండిపడ్డారు. "ఏమే ఆదెమ్మా! తల్లి నీళ్ళు ఎంగిలి చేస్తావా? ఊరిని ముంచుతావా?"

"రాయి మీద పోసినవి ఇసకలోకి పోతన్నాయి, పెదకాపుగారండీ. బిడ్డ తాగితే తల్లికి చేరవాండీ? కోపమొస్తే నన్ను తీసుకుపొమ్మనండి."

ఊరు ఊపిరి బిగబట్టి తల్లి ఆగ్రహం కోసం చూసింది. రెండోనాటి మధ్యాహ్నం సీతాలు లేచి కూర్చుని, "గంజిలోకి ఆవకాయ బద్ద వెయ్యవే" అంది.

అదే పూట సూరన్నగారి ఇంటావిడకు వాంతులు మొదలయ్యాయి. ఆ పెద్దమనిషి ఖాళీ చెంబు పట్టుకుని ఆదెమ్మ గుమ్మంలో తలవంచుకు నిలబడ్డారు.

"ఎంగిలి నీళ్ళండి, మీకు పనికిరావేమో" అంది ఆదెమ్మ.

"పొయ్యమ్మా తల్లీ, పొయ్యి" అన్నారాయన.

ఆవిడ చెంబు నింపి, కాగును ఇద్దరిచేత ఎత్తించి వీధిలో పెట్టింది. నాటినుంచి గడపగడపా కట్టెలు తెచ్చింది, ఊరంతా కాచిన నీళ్ళే తాగింది. పదిహేను రోజులకు గత్తర లంక విడిచిపోయింది. ఆదెమ్మ తదనంతరం ఆ కాగును రాతి పక్కన ప్రతిష్ఠించారు. అలా ఈ లంక కాగులంక అయింది.

ఏ గుడిలోనైనా దేవుడికి పెట్టాకే మనకు ప్రసాదం. ఇక్కడ అలా కాదు. ఏటా ఎర్రనీరు దిగిన తొలి ఆదివారం ఇంటికో కట్టె తెచ్చి కొత్త కాగు కింద పొయ్యి వెలిగిస్తాం. మొదటి గ్లాసు ఊళ్ళోకెల్లా చిన్నబిడ్డ ఉన్న ఇంటికి, తర్వాత రోగులకు, చూలింతలకు, వచ్చిన మీకు. ఆఖరి గ్లాసు అమ్మవారికి. జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికీ వెళ్ళండి, తల్లి ఏమీ అనుకోదు.

ఒక్కో ఏడు జనం విరగబడి వస్తారు, కాగు అడుగంటిపోతుంది. అప్పుడు పూజారిగారు ఖాళీ గ్లాసే బోర్లించి తల్లికి చూపిస్తారు. ఆ ఏడు అమ్మ కడుపు నిండిందని మేమంతా చెంపలేసుకుని మొక్కుతాం.