ప్రశ్న లేని వాక్యం

ఇంగ్లీషు ప్యాసేజీ అంటే మాబున్నికి మొదట్లో భయమేమీ లేదు. ఆ భయం అర్ధసంవత్సర పరీక్షలో పట్టుకుంది.

అంతకుముందు అది ఆమెకు చిటికెలో పని. పదో తరగతి పిల్లలందరికీ తెలిసిన ఉపాయమే. ముందు ప్రశ్నలో ఒక పెద్ద మాట చూసుకోవాలి. ప్యాసేజీలో అదే మాట ఎక్కడుందో వేలు పెట్టి వెతకాలి. దొరికిందా, ఈ చుక్క నుంచి ఆ చుక్క దాకా వాక్యాన్ని దించేయాలి. ఏం రాశావని అడిగేవాళ్లు లేరు, మార్కులు మాత్రం పడతాయి. ఈ విద్యలో మాబున్నిని మించినవాళ్లు ఆ బడిలో లేరు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

పేపరు తయారుచేసిన ఆ పుణ్యాత్ముడెవరో ఈసారి 'ఆ తల్లి ఎందుకు భయపడింది?' అని అడిగాడు. భయం అనే మాట ప్యాసేజీలో ఎక్కడా లేదు. మాబున్ని పైనుంచి కిందికి వెతికింది, కిందినుంచి పైకి వెతికింది. మిగతా ప్రశ్నలూ అదే వరస. చివరికి తోచిన వాక్యాలేవో దించి వచ్చింది. ఇంగ్లీషు పోయింది.

ఆమె అక్క ఖాసింబీ కూడా ఇంగ్లీషులోనే పోయింది. ఇప్పుడు నాయన పరుపుల అంగట్లో పొద్దస్తమానం దూది ఏకుతూ, దగ్గుతూ ఉంటుంది. మార్కులు చూసి నాయన అరవలేదు, చెయ్యెత్తలేదు. పబ్లిక్ పరీక్షలోనూ ఇట్లే అయితే అక్క పక్కన ఇంకో పీట వేస్తానని మెల్లగా చెప్పి, అన్నానికి కూర్చున్నాడు. ఆ మెల్లగా చెప్పడమే మాబున్నికి గుండెల్లో రాయి పడినట్టయింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది.

అప్పట్నుంచి ఇంగ్లీషు పుస్తకం తెరిచిన వెంటనే మూసేసేది. అక్క దగ్గు వినిపిస్తే ఉలిక్కిపడేది.

ఊరి చివర గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే సత్తార్ అయ్యోరు ఒకప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాడు. ఉద్యోగం అయిపోయాక అక్కడికి చేరాడు. సాయంత్రాలు పిల్లలు వెళితే చదువు చెబుతాడు. ఆయన దగ్గర అచ్చు పుస్తకాలుండవు. ఏ పిల్లకు ఏ ప్యాసేజీ కావాలో తనే కూర్చుని రాసిస్తాడు. ఆయనకు కాస్త తిక్క అని ఊళ్లో అంటారు. తిక్కో కాదో గానీ ఆయన దగ్గరికి వెళ్లిన పిల్లలు మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు.

మాబున్ని వెళ్లి తన గోడంతా వెళ్లబోసుకుంది. ప్రశ్నలోని మాట ప్యాసేజీలో లేకపోతే ఏం చేయాలో ఆ ఉపాయం కూడా ఏదో ఉండే ఉంటుంది, అది చెప్పమని బతిమాలింది. అయ్యోరు రేపు రమ్మన్నాడు.

మర్నాడు వెళ్లేసరికి వసారాలో చాప పరిచి ఉంది. దాని మీద కూర్చోమని చెప్పి, చేత్తో రాసిన కాగితం ఒకటి ఇచ్చి, తను ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు.

మాబున్ని భయంభయంగా ప్రశ్నలు చూసింది. ఆశ్చర్యం, ప్రతి ప్రశ్నలోని మాటా ప్యాసేజీలో ఉంది. అమ్మయ్య అనుకుంది. వేలు పరుగెత్తింది. చకచకా దించేసి కాగితం చాపింది. అయ్యోరు ఒక్కో జవాబూ చూసి టిక్కు పెట్టాడు. ఒక్కటీ తప్పు లేదు. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మొహం విచ్చుకుంది.

"అన్నీ కరెక్టే," అన్నాడు అయ్యోరు. "మరి ఇంకా కూర్చునే ఉన్నావేంది?"

ఇక పొమ్మంటున్నాడేమోనని మాబున్ని పుస్తకాలు సర్దుకోబోయింది.

"పోవడం కాదు పాపా. ఆఖరి జవాబు నువ్వు రాసిందే కదా. ఏం రాసినావో చదువు."

కాగితం తీసుకుని చదివింది. మ్యాట్ అంటే చాప. దాని మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. అండర్ ద మ్యాట్, చాప కింద. బ్లాక్, నలుపు. ఆ తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది. చిన్న తరగతుల్లో గోడ మీది బొమ్మల పటంలో ఆ మాట చూసింది. స్కార్పియన్. తేలు.

ఎప్పుడు లేచిందో, ఎట్లా దూకిందో ఆమెకే తెలియదు. వసారా మెట్ల కింద ఉంది. ఆ గుట్ట తేళ్లకు పేరు. మొన్న వానల్లో గొర్రెలు కాసే ఆయన్ని కుడితే ఆసుపత్రి పాలయ్యాడు. ఇంతసేపూ దాని మీదే కూర్చుని, దాని గురించి గుండ్రటి అక్షరాలతో జవాబు రాసింది.

"నిజంగా ఉందా అయ్యోరా?" మెట్ల కిందినుంచే అడిగింది.

"నన్నడుగుతావేంది? కాగితం నీ చేతిలోనే ఉంది."

మాబున్ని కాగితం విప్పింది. ప్రశ్నల వైపు చూడలేదు. ప్రశ్నలున్నాయన్న సంగతే గుర్తు లేదు. మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది. తెలియని మాటలు తగిలాయి. ఆగలేదు, ముందుకు పోయి మళ్లీ వెనక్కి వచ్చి చూసింది. అది ఎంత పెద్దది? ఎక్కడినుంచి వచ్చింది? కదులుతోందా? రాత్రి వాన కురిసింది. గుట్ట మీది రాళ్ల సందులోంచి అది బయటికొచ్చింది. వాకిలి దాటి లోపలికొచ్చింది. ఒక ముసలాయన దాన్ని చూశాడు. చూసి, చాప తెచ్చి, దాని మీద పరిచాడు.

మాబున్ని తలెత్తి అయ్యోరి మొహం చూసింది. తిక్క అని ఊళ్లో అనేది నిజమేనేమో. ఆ మొహం చూస్తే ఏమీ అంతుపట్టలేదు. పారిపోదామనిపించింది. కానీ కాగితంలో ఇంకో వాక్యం మిగిలింది. ఆ వాక్యం గురించి కింద ఏ ప్రశ్నా లేదు. అందుకే ఇందాక దాని జోలికే పోలేదు.

ముసలాయన చూసేసరికే తేలు చచ్చిపోయి ఉందని రాసి ఉంది.

నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత మెట్లెక్కి, ఊపిరి బిగబట్టి, చాప అంచు పట్టుకుని తనే ఎత్తింది. నల్లటి తేలు, కొండి ముడుచుకుపోయి, చీమలు పట్టి ఉంది.

అయ్యోరు లేచి తేలును చేటలోకి ఎత్తి బయట పారేసి వచ్చాడు. కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. మాబున్ని సగం తాగింది, సగం మీద పోసుకుంది. చాప మీద కూర్చోలేక బండ మీదే కూలబడింది. కాసేపటికి గుండె కుదుటపడింది. కుదుటపడగానే పాత దిగులు మళ్లీ వచ్చి కూర్చుంది.

"పరీక్షలో ఇట్లా తేలు ఉండదు కదా అయ్యోరా," అంది.

అయ్యోరు చాప దులిపి చుట్టి గోడకు ఆనించాడు.

"ఉంటుంది పాపా," అన్నాడు. "నీ చాప కింద కాదు. ఇంకెవరి చాప కిందో."