గేటు ముందు బస్టాపు

విశాఖపట్నంలోని ఒక కాలనీలో భుజంగరావు అనే రిటైర్డ్ ఇంజనీరు ఉండేవాడు. అందరి సంగతీ తనకే తెలుసనుకోవడం ఆయనకున్న జబ్బు.

కాలనీ గేటు ముందే బస్టాపు. మధ్యాహ్నం కాలనీ ఇళ్లలో పనులు ముగించుకున్న పనిమనుషులంతా బస్సు కోసం గేటుకు అడ్డంగా నిలబడేవారు. కార్లు బయటికి రాలేక ఒకటే హారన్లు. "వీళ్లకి పద్ధతీ పాడూ లేదు!" అని భుజంగరావు విసుక్కునేవాడు. చివరికి స్టాపును మైలు దూరం జరపాలని అర్జీ రాశాడు. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగే పని, తన ఇంట్లో పనిచేసే నూకరత్నానికి అప్పజెప్పాడు. పాపం, ఆమెకు చదువు రాదు. అయ్యగారి పని కదా అని మెట్లన్నీ ఎక్కి దిగి అరవై సంతకాలు తెచ్చింది.

ఆదివారం మీటింగుకు బస్సు డిపో మేనేజరు వచ్చాడు. ఇళ్ల యజమానులంతా కుర్చీల్లో కూర్చున్నారు. నూకరత్నం టీలు అందిస్తోంది. భుజంగరావు అర్జీ చదివి, "మనలో ఒక్కరైనా ఆ బస్సెక్కుతారా? మరి ఆ స్టాపు ఎవరికండీ?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నూకరత్నం ట్రే కింద పెట్టేసింది.

"నాకండీ!" అంది. "రానూ పోనూ నడకకే గంట పోతే రెండిళ్ల పని వదులుకోవాలి. నా పిల్లల చదువు ఆ రెండిళ్ల మీదే నడుస్తోంది. నా నోటికాడ కూడు తీసే కాయితం నాచేతే మోయించారా బాబుగారూ? ఒక్క మాటైనా చెప్పలేదేం?"

భుజంగరావుకు తల కొట్టేసినట్టయింది. నిజానికి ఆయన దాచలేదు. ఆమెను అడగాలని ఆయనకు తట్టనే లేదు. దాచడం కంటే అదే పెద్ద అన్యాయమని ఇప్పుడు తెలిసొచ్చింది.

"మరి గేటుకు అడ్డంగా ఎందుకు నిలబడతారమ్మా?" అని మేనేజరు అడిగాడు.

"ఎండండీ! గేటు మీది రేకు తప్ప రోడ్డు పొడుగునా ఇంకెక్కడ నీడ ఉంది?" అంది నూకరత్నం.

ముప్పై ఏళ్లు వంతెనలు కట్టిన మనిషికి ఆ ముక్క తోచలేదు చూడండి! భుజంగరావు లేచి తన కుర్చీ ఆమె ముందుకు జరిపాడు. "తప్పయింది, కూర్చో అమ్మా. స్టాపు ఇక్కడే ఉండనిద్దాం. నీడకు షెడ్డు ఎక్కడ వేస్తే బాగుంటుందో నువ్వే చెప్పు" అన్నాడు. ఆమె మొహమాటపడుతూనే కూర్చుంది. చెప్పాల్సింది మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది.

నెల తిరక్కుండానే గేటు పక్కన కాలనీ గోడ చివర షెడ్డు లేచింది. గేటు ఖాళీ అయింది, స్టాపు మాత్రం కదల్లేదు.

మన గుమ్మంలోంచి కనిపించేదే లోకం కాదు. ఎవరి బతుకు మీద తీర్మానం చేస్తున్నామో, ముందుగా వాళ్ల మాట వినాలి.