మచ్చడు తిరిగిన చోటు

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు రాని రోజుల్లో, దిబ్బవలస అనే ఊరు పుట్టింది. కరువుకు తరలివచ్చిన పదకొండు కుటుంబాలు తుప్పలు కొట్టి, ఒకే తాడుతో నేల కొలుచుకుని, హద్దుకొక రాయి పాతాయి. మనవలు ఆ తాడు సంగతి మరిచిపోయారు. తాము మహా మంచివాళ్ళమన్న సంగతి మాత్రం మరవలేదు.

ఆ ఊళ్ళో నూకాలమ్మ అనే ఒంటరి ఆడమనిషి ఉండేది. ఆమెకున్నది ఒక చేను, మచ్చడనే ముసలి ఎద్దు. చేనులో ముప్పాతిక గులకరాళ్ళే. పొరుగున ఉన్న జగ్గునాయుడి చేనువైపు అంచు మాత్రం నల్లమట్టి. ఆమె ఏడాది తిండి అక్కడే పండేది.

ఒక ఏడు నూకాలమ్మ జ్వరంతో మంచం పట్టింది. లేచి చేనికి వెళ్ళేసరికి హద్దురాయి ఆరు బారలు ఇవతలికి వచ్చి నిలబడి ఉంది. నల్లమట్టి అంతా అవతల. ఆమె నేరుగా చావడికి వెళ్ళి ఫిర్యాదు చేసింది.

పంచాయతీ కూడింది. జగ్గునాయుడు తలంటుకుని, బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు. అబద్ధమాడే రోజు ఆయన చాలా శుభ్రంగా ఉంటాడు.

"రాయి నడిచొచ్చిందంటావా నూకాలూ?" అన్నాడు.

"రాయికి కాళ్ళు లేవు బావా. నీకున్నాయి."

"సాక్షి ఎవరమ్మా?" అడిగాడు ఊరిపెద్ద సన్నాసినాయుడు.

"మా మచ్చడు, మావా. పన్నెండేళ్ళు ఆ చేను దున్నాడు. ఎక్కడ వెనక్కి తిరగాలో వాడికి తెలుసు."

చావడి అంతా పగలబడి నవ్వింది. సన్నాసినాయుడికి ఆ రోజు వేరే పనేమీ లేదు.

"సరే. ఎద్దు తిరిగిన చోటే హద్దు. రాయి దగ్గరే తిరిగితే మాత్రం చేను, ఎద్దు రెండూ జగ్గునాయుడివి."

నూకాలమ్మ తలూపింది.

ఊరంతా చేనికి తరలింది. మొదట నూకాలమ్మే నాగలి పట్టింది. మచ్చడు రాయిని దాటాడు, ఆరు బారలు నడిచాడు, తనంతట తానే వెనక్కి తిరిగాడు.

"పగ్గం లాగింది," అన్నాడు జగ్గునాయుడు.

రెండోసారి ఆయనే పట్టాడు. రాయి దగ్గర తిప్పాలని పగ్గం లాగాడు, అరిచాడు, తోక మెలిపెట్టాడు. మచ్చడు ఆయన్నీ నాగలినీ కలిపి ఈడ్చుకుపోయి, అదే చోట తిరిగాడు. జగ్గునాయుడి బొట్టు చెమటకు ముక్కు మీదికి కారింది.

మూడోసారి మచ్చడి కళ్ళకు గంతలు కట్టారు. పగ్గం ఎవరూ పట్టలేదు. మచ్చడు అడుగు తేడా లేకుండా అక్కడే తిరిగాడు.

ఆ చోట తవ్వితే పిడికెడు బొగ్గులు బయటపడ్డాయి. ఊరు కట్టినవాళ్ళు ప్రతి హద్దురాయి కిందా అలా బొగ్గులు పోశారు. అవి మట్టిలో కుళ్ళవు కదా.

"నేల నూకాలమ్మదే," అన్నాడు సన్నాసినాయుడు. అన్నాక ఆయన ముఖం పాలిపోయింది. పక్కవాళ్ళ ముఖాలూ పాలిపోయాయి. అప్పుడే అందరికీ ఒకేసారి తట్టింది: ప్రతి ఇంటి కొట్టంలోనూ ఒక సాక్షి గడ్డి మేస్తున్నాడు.

పంచాయతీ వందనాలు కూడా లేకుండా ముగిసింది. ఆ మిట్టమధ్యాహ్నం ఊళ్ళో మగవాళ్ళందరికీ పొలాల్లో పని గుర్తొచ్చింది. అందరి చేతుల్లోనూ గునపాలే.

నూకాలమ్మ మచ్చణ్ణి తోలుకుని ఇంటికి వెళ్తుంటే, ఊరిపెద్ద నెత్తిన రాయి పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎక్కడికి మావా?"

"ఈ రాయికి నీడ ఎక్కువైందమ్మా. ఎండలో పెడదామని."

పొద్దు గుంకేసరికి, ముప్పై ఏళ్ళుగా మేకలు మాత్రమే పట్టే డొంకదారిలో రెండు బళ్ళు పక్కపక్కన పట్టాయి. దారి ఎలా వెడల్పయిందో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

హద్దు జరిపినవాడు పొరుగువాడి నోరు మూయించగలడేమో గానీ, ఆ నేల మీద ఏళ్ళ తరబడి పడిన కష్టం చేత అబద్ధమాడించలేడు.