శరభయ్య పాతిన హద్దురాయి

అనగనగా, వాన చుట్టపుచూపుగా వచ్చి కాళ్లు కడుక్కునేలోపే వెళ్లిపోయే ఒక సీమ. ఆ సీమకు ఒక రాజు. ఆయన పేరు ధర్మశీలుడు. పేరు మంచిదే, మనిషీ మంచివాడే. కానీ కళ్లతో చూడవలసినదాన్ని చెవులతో విని ఊరుకునే అలవాటు ఒకటుండేది ఆయనకు. ఆ ఒక్క అలవాటు మొరపతిప్ప అనే పల్లెను మూడేళ్లు ఏడిపించింది.

మొరపతిప్ప చుట్టూ కనుచూపుమేర గులకరాళ్ల నేల. నడిస్తే కాళ్లకింద కరకరమంటుంది. రాళ్లు పక్కకు తోస్తే జానెడు ఎర్రమట్టి. అందులో మొలిచేవి ముళ్లపొదలు, వాన పడితే నాలుగు గడ్డిపరకలు. ఆ పొదలు మేకలను బతికించేవి, మేకలు మనుషులను బతికించేవి. తాతముత్తాతల నాటినుంచీ అక్కడ ఎవరూ నాగలి పెట్టలేదు. ఎందుకని అడిగి ఉంటే పల్లెవాళ్లే చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

ఒక ఏడు రాజుగారు చాటింపు వేయించాడు. "నా రాజ్యంలో దున్నని నేల ఉండకూడదు! కొత్త సాగుభూమి చూపించినవారికి బంగారు కడియం!"

భూములు కొలిచే అధికారి శరభయ్య ఆ మాట విని గుర్రమెక్కాడు. పల్లెవాళ్లంతా మేకల వెంట పోయిన వేళ మొరపతిప్పకు వచ్చాడు. వెండి పొన్ను వేసిన చేతికర్రను నేలలో గుచ్చాడు. కర్ర జానెడు దిగింది. "భేష్, మెత్తని నేల!" అన్నాడు. నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్లు పాతించి, రాజధానికి వెళ్లి కడియం తొడుక్కున్నాడు.

ఆ పల్లెలో సుంకమ్మ అనే మేకలకాపరి ఉండేది. ఆమెకు పన్నెండు మేకలు, ఒక గుడిసె, ఊరందరికీ సరిపోయేంత నోరు. హద్దురాయికి మేక వీపు రుద్దుకుంటే అది పాలపన్నులా కదలడం ఆమె చూసింది. కానీ రాజముద్ర ఉన్న రాయిని ముట్టుకుంటే చేతులు నరుకుతారు. కాబట్టి చూసి ఊరుకుంది.

నాగళ్లు తీసుకుని శరభయ్య మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేదు. "సామీ, ఇది దున్నే నేల కాదు. జానెడు కింద గారబండ ఉండాది. ఒక్క గునపం పోటు వేయించి సూడు."

"మేకలు కాసుకునేదానివి, నాకు నేల సంగతి చెబుతావా?" అని నవ్వాడు శరభయ్య. నేల మీదే పుట్టి నేల మీదే పెరిగిన మనిషికి, నేలను గుర్రం మీదనుంచి చూసినవాడు చెప్పిన జవాబు అది!

మొదటి ఏడు సజ్జలు చల్లారు. రెండు వానలకు పైరు మడమలదాకా లేచింది. వారం ఎండ కాసేసరికి ఆ జానెడు మట్టిలోని తడి ఆరిపోయింది. దిగుదామంటే వేళ్లకు దారి లేదు. పైరు నిలువునా మాడింది.

"సోమరులు! లోతుగా దున్నలేదు" అన్నాడు శరభయ్య. లోతుగా దున్నబోయి ఎన్ని నాగటి కర్రులు విరిగాయో ఆయన అడగలేదు. ఊరి మేకల్లో సగం రాజుగారి మందలోకి తోలుకుపోయాడు.

రెండో ఏడు కోసెడు దూరంలోని వాగు చెలమనుంచి కుండలతో నీళ్లు మోసి పోశారు. నీళ్లు కిందికి ఇంకలేదు. పైనే నిలిచి, మడి బురదై, మొదళ్లు కుళ్లాయి. నీళ్లు ఎండాక నేలంతా ఉప్పు తెల్లగా పూసింది. పోయకపోతే మాడింది, పోస్తే కుళ్లింది.

"మీ బుద్ధి కుళ్లితే పైరు కుళ్లదా?" అన్నాడు శరభయ్య. మిగతా సగం మేకలూ పోయాయి. ఊరు ఊరంతా పొరుగూళ్లకు కూలికి పోయి గంజి తాగింది.

మూడో ఏడు రాజుగారు దయతలచి వంద నిమ్మమొక్కలు పంపాడు. పల్లె ఆడవాళ్లు పదకొండు నెలలు వాటికి నెత్తిమీద నీళ్లు మోశారు. తమ పిల్లలకు లేని నీళ్లు ఆ మొక్కలకు పోశారు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి వచ్చింది. వందకు వందా వేళ్లతో సహా పడిపోయాయి.

"పగబట్టి పెకలించారు!" అని శరభయ్య అరిచాడు. ఊరి పెద్ద ఈరన్నను పట్టుకుని, డెబ్బై ఏళ్ల మనిషి అని కూడా చూడకుండా, వీపున బండరాయి ఎత్తి నడి ఎండలో నిలబెట్టాడు. అమావాస్య లోపు ఊరు ఖాళీ చేసి, సీమ దాటి పోవాలని ఆజ్ఞ వేశాడు.

సుంకమ్మకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. మాడినా వాళ్లదే తప్పు, కుళ్లినా వాళ్లదే తప్పు, గాలికి పడినా వాళ్లదే తప్పు! పడిపోయిన నిమ్మమొక్కల్లో ఒకదాన్ని ఎత్తి చూసింది. తల్లివేరు జానెడు నిటారుగా దిగి, అక్కడ మోచేయిలా మలుపు తిరిగి, రొట్టెలా అడ్డంగా పరుచుకుని ఉంది. ఆ మొక్కను భుజాన వేసుకుని మూడు రోజులు నడిచి సభలోకి వెళ్లింది.

"రాజా, మనిషి అబద్ధమాడతాడు. వేరు ఆడదు. ఇదిగో, సూడు."

రాజుగారు వేరును చేత్తో తడిమి చూశాడు. మూడేళ్లలో మొదటిసారి తానే లేచి, శరభయ్యను వెంటబెట్టుకుని మొరపతిప్పకు బయల్దేరాడు.

పడిపోయిన మొక్కల దగ్గర గునపం వేయించాడు. జానెడు దిగి ఠంగుమంది. నిప్పురవ్వలు లేచాయి. మట్టి తోసి చూస్తే కింద తెల్లని బండ, మేస్త్రీ చదును చేసినట్టు నున్నగా ఉంది.

శరభయ్య మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ వెంటనే చేతులు జోడించాడు. "చూశారా మహాప్రభూ! పని తప్పించుకోవడానికి మట్టికింద గచ్చు పోసుకున్నారు, దొంగలు!"

బుకాయింపుకైనా ఒక హద్దుండాలి! కానీ వెంట వచ్చిన పరివారం మాత్రం "అవునవును, గచ్చే" అని తలలూపింది. బంగారు కడియం ఉన్నవాడి మాటకు తలలు వాటంతటవే ఊగుతాయి.

సుంకమ్మ ఇక ఆగలేదు. "గచ్చా సామీ? పేడతో అలికిన నేల తప్ప ఇంకో నేల ఎరగం మేము. ఇంత పొలానికి పోసేటంత సున్నం ఉంటే మా గుడిసెల్లో పోసుకోమా? నీల్లు కాగే కుండ అడుగున తెల్లగా గార పట్టేది సూడలేదా ఎప్పుడూ? ఈడ వాన శానా తక్కువ. జానెడు దిగతాది, మట్టిలోని సున్నాన్ని కరిగించి కిందికి తీసకపోతాది, ఆడనే ఆరిపోతాది. సున్నం ఆడనే ఉండిపోతాది. అట్ల ఏడాదికింత, ఏడాదికింత. మా ముత్తవ్వల ముత్తవ్వలు పుట్టకముందునుంచీ పేరుకున్న బండ అది. పోసింది మేము కాదు, వానదేవుడు!"

"రుజువేమిటి?" అన్నాడు శరభయ్య.

"మేము సూపిన చోట వద్దు రాజా. తవ్వే చోటు ఆయన్నే ఎంచుకోమను."

శరభయ్య దూరంగా ఉన్న ఒక ముళ్లపొద చూపించాడు. తవ్వితే ఠంగుమంది. మనిషి అడుగు పడని అవతలి మిట్టను చూపించాడు. అక్కడా ఠంగుమంది. మూడో చోటు చూపించమంటే ఆయన గుర్రం కళ్లెం సర్దుకోసాగాడు.

"అయితే మూడోది నేను సూపిస్తా" అంది సుంకమ్మ. "ఆ హద్దురాయి కింద."

శరభయ్య గబగబా అడ్డం వచ్చాడు. "రాజముద్ర ఉన్న రాయి మహాప్రభూ! ముట్టుకోవడం నేరం!"

"నా ముద్రను నేను ముట్టుకుంటాను" అన్నాడు రాజు.

హద్దురాయి ఎంత పైకి కనిపిస్తే అంత నేలలో ఉండాలి. అది ఆ సీమలో ఆచారం. ఆ రాయి రొమ్మెత్తు ఉంది. రాజుగారు ఒంటిచేత్తో నెట్టాడు. నెట్టగానే అది దభీమని పక్కకు పడిపోయింది. దాని అడుగు జానెడు మాత్రమే మట్టిలో ఉంది. చుట్టూ గులకరాళ్లు కుప్పపోసి నిలబెట్టారు, అంతే.

రాయి లేచిన గుంతలోకి అందరూ తొంగిచూశారు. కింద తెల్లని బండ. ఆ బండ మీద గునపం పోట్లు. ఒకటి కాదు, రెండు కాదు, ఇరవై దాకా ఉన్నాయి. రాయి పాతిన రోజున వేసి, దిగక వదిలేసిన పోట్లు.

"తెలుసు" అంది సుంకమ్మ. ఈసారి ఆమె గొంతు పెద్దది కాలేదు. "మొదటి రోజే ఈయనకు తెలుసు. తెలిసి కడియం తొడుక్కున్నాడు. తెలిసి మా మేకల్ని తోలుకపోయినాడు. తెలిసి మా ఈరన్న మామ వీపున బండ ఎత్తినాడు."

శరభయ్య నేల చూశాడు. అంతదాకా ఆయన నేలను అంత శ్రద్ధగా చూసి ఎరగడు.

"ఆ కడియం తియ్యి!" అన్నాడు రాజు. కానీ సుంకమ్మ కోపం ఇంకా తీరలేదు. అది ఒక్కడి మీద కోపమా!

"రాజా, ఈయన దాచినాడు, నిజమే. నువ్వు అడగలేదు. మూడేండ్లలో ఒక్కనాడన్నా వచ్చి సూసినావా? మామ వీపున ఆ బండ ఎత్తింది మీరిద్దరూ కలిసే."

పరివారం గుడ్లు మిటకరించింది. రాజుగారు మాత్రం ఈరన్న ముందు తల వంచాడు.

దున్నాలన్న ఆజ్ఞ, ఊరు ఖాళీ చేయాలన్న ఆజ్ఞ రెండూ రద్దయ్యాయి. మేకలు పిల్లలతో సహా పల్లెకు తిరిగి వచ్చాయి. శరభయ్యకు రాజు వేసిన శిక్ష ఒకటే. "ఆచారం ప్రకారం నీ రాయిని నువ్వే పాతు. నీ చేతులతో."

శరభయ్య గునపం పట్టాడు. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో రోజు బొబ్బలు చితికాయి. మూడో రోజు సాయంత్రానికి బండకు బొక్క పడింది. కింద చేయి పెడితే మన్ను చల్లగా, మెత్తగా తగిలింది.

"రాయి పాతొద్దు" అంది సుంకమ్మ. ఆ గుంతలో ఒక రేగుమొక్క పెట్టింది. వేళ్లకు దారి దొరికింది. మొక్క చెట్టయింది, ఎన్ని గాలులు వచ్చినా పడలేదు. దాని నీడలో శరభయ్య హద్దురాయి అడ్డంగా పడి ఉండేది. ఎండపూట ఈరన్న వచ్చి దానిమీద కూర్చుని మేకలను కాసుకునేవాడు.

ఏ ఊళ్లోనైనా సరే, ఏ రాజ్యంలోనైనా సరే, నేల కింద ఏముందో తవ్వి చూడనివాడికి, ఎండిన పైరును చూపించి మనిషిని సోమరి అనే హక్కు లేదు.