మట్టిగాడి బెండు

వేరుశనగ చేల నడుమ ఉన్న ఆ దిగుడుబావి లోతు చెబితే మీరు నమ్మరు. పొద్దున రాయి వేస్తే, మధ్యాహ్నం భోజనాలయ్యాక గానీ బుడుంగుమనేది కాదు. మెట్లు నూటపదహారు. నూరు నేను లెక్కపెట్టాను, తక్కిన పదహారూ ఉండే ఉంటాయి.

ఆ బావిలో బోదురమ్మ అనే కప్ప ఉండేది. అది గొంతెత్తి అరిచిందంటే పక్క ఊళ్ళో పాలు విరిగిపోయేవి. లక్షా పదివేలమంది పిల్లల్ని కన్నది. కాళ్ళు రాగానే అందరూ తొలివానకు చేలల్లోకి గెంతి పోయారు, ఒక్కడూ వెనక్కి చూడలేదు. మిగిలింది పెంపుడు కొడుకు ఒక్కడే, మట్టిగాడు.

ఒకరోజు ఎక్కడిదో తూనీగ ఒకటి వచ్చి, నీళ్ళలో తోక ముంచి, గుడ్డు పెట్టి ఎగిరిపోయింది. అందులోంచి వచ్చినవాడే వీడు. ఆరు కాళ్ళు, ముఖమంతా కళ్ళు, బురద రంగు ఒళ్ళు. రెక్కలు లేవు. దోమపిల్లలు వీడి పేరు వింటేనే వణికేవి. నీళ్ళు లోపలికి పీల్చి వెనకనుంచి చిమ్మాడంటే, మనం కన్ను ఆర్పేలోగా బావి మూడు చుట్లు చుట్టి వచ్చేవాడు. ఒళ్ళు పెరిగి పైతోలనే చొక్కా బిగుతైనప్పుడల్లా ఆ చొక్కా విడిచేసేవాడు. అలా పన్నెండు చొక్కాలు విడిచాడు. డెబ్బై అని చెబుదామనుకున్నాను గానీ, వీడి విషయంలో అబద్ధమాడటానికి నాకే మనసు రాలేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో వేసవిలో మట్టిగాడు ఉన్నట్టుండి తిండి మానేశాడు. అడుగున తిరిగేవాడల్లా నీటి పైకి వచ్చి, తుంగ కాడ పట్టుకుని, తల బయట పెట్టి ఆయాసపడుతూ కూర్చునేవాడు. వీపు మీద రెండు ఉబ్బులు లేచాయి.

"ఏరా, ఏమైందిరా నీకు?"

"ఏమోనే అమ్మా. నీళ్ళలో ఊపిరాడటం లేదు. పైకి పోవాలనిపిస్తోంది."

"నీళ్ళలో పుట్టినవాడికి నీళ్ళలో ఊపిరాడకపోవడమేమిట్రా! ఈత మర్చిపోయావా ఏమిటి, నా తండ్రీ!"

ఈ మాట గట్టు మీది లకుముకి పిట్ట చెవిన పడింది. ఒంటి నిండా నీలిరంగు సిల్కు, కడుపు నిండా కుట్ర. మట్టిగాడి మీద రెండేళ్ళుగా దానికి కన్ను. వెయ్యిసార్లు దూకింది. వెయ్యిసార్లూ వాడు నీళ్ళు చిమ్మి అడుక్కి పారిపోయాడు. ఆ ముక్కులోకి నీళ్ళు తప్ప ఏమీ రాలేదు.

"అయ్యో బోదురమ్మక్కా," అంది తీయగా. "పిల్లాడు మునిగిపోయేలా ఉన్నాడే!"

"అదే భయంగా ఉంది తమ్ముడూ. ఏం చెయ్యను?"

"మనుషుల్ని చూడలేదూ? ఈ బావిలో ఏటా పిల్లలకి ఈత నేర్పుతారు. ముందు ఏం చేస్తారు? వీపుకి నీళ్ళలో తేలే జీలుగ బెండ్లు కడతారు. బెండు ఉన్నవాడు మునిగిన దాఖలా ఉందా?"

నిజమే. ఆ వేసవిలోనూ ఏకాంబరం అనే పెద్దాయన పిల్లల్ని తీసుకొచ్చి, ఒక్కొక్కడి వీపుకి నాలుగేసి బెండ్లు కట్టి నీళ్ళలోకి తోశాడు. బోదురమ్మ కళ్ళారా చూసింది. అయితే పిల్లలు దభేల్ దభేల్‌మని దూకుతుంటే గుండె జారి, రాళ్ళ సందులో దూరింది. ఆ సందులోనే ఇరవై రోజులు గడిపింది. కట్టడం చూసింది, అంతే. ఆ తర్వాత జరిగింది చూడలేదు.

మెట్టు మీద బెండుముక్క ఒకటి, జనపనార పోగు ఒకటి పడి ఉంటే తెచ్చింది. మట్టిగాడి వీపు మీదుగా, ఆ ఉబ్బుల మీదుగా పోగు తిప్పి, రెండు ముళ్ళు వేసింది. మనసు ఆగక మూడో ముడీ వేసింది.

"అమ్మా, వీపు లాగుతోందే."

"కొత్తలో అంతేరా. చూడు, ఎంత హాయిగా తేలుతున్నావో!"

తేలాడు. తేలడం తప్ప ఇంకేం చేయగలడు? అడుక్కి పోలేడు, తుంగ కాడ ఎక్కబోతే బెండు అడ్డం తగిలి జారిపోతాడు. గట్టు మీద లకుముకి ముక్కు నూరుకుంది.

మెట్టుకి అతుక్కుని ఇదంతా చూస్తున్న నత్త తాత మెల్లగా నోరు తెరిచాడు. ఆయన ఒక మాట చెప్పడానికి మామూలుగా వారం పడుతుంది. ఆ రోజు తొందరపడి ఒక్క పూటలో చెప్పేశాడు.

"బోదురమ్మా, మునిగేవాడు కిందికి చూస్తాడు. వీడు పైకి చూస్తున్నాడు. ఆ ముడి విప్పు."

"నువ్వు ఊరుకో తాతా. మనుషులు కట్టడం నేను చూశాను."

"విప్పడం చూశావా?"

"విప్పడమేమిటి?"

"ఐదు రోజులకో బెండు తీసేశాడమ్మా ఏకాంబరం. నాలుగు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి. ఇరవయ్యో రోజున ఆఖరిది కూడా విప్పి, పో అని తోశాడు. ఆ తోసిన రోజు కోసమేనే ఆ కట్టడమంతా!"

బోదురమ్మ వెనక్కి తిరిగింది. కొడుకు వంక చూసింది. ఎండలో, బెండు పక్కన, చిన్నగా ఊగుతున్నాడు. ఎక్కడికీ పోలేడు. ఎంతో కాలానికి ఒక్క పిల్లాడు ఎక్కడికీ పోకుండా కళ్ళెదుట ఉన్నాడు.

"రేపు విప్పుతాలే తాతా," అంది. "ఈ ఒక్క రాత్రికి ఉండనీ."

తెల్లవారింది. బోదురమ్మ ఇంకా ఒళ్ళు విరుచుకోకముందే నీలం మెరుపొకటి గట్టు మీంచి రాలింది. మట్టిగాడు నీళ్ళు చిమ్మాడు. బెండు కదలనివ్వలేదు. మళ్ళీ చిమ్మి పక్కకి దొర్లాడు. లకుముకి ముక్కు వాడి మీద పడాల్సింది, బెండులో దిగబడింది. పిడి దాకా!

"ఉమ్! ఉమ్ ఉమ్!" అంది లకుముకి. లాగింది, పీకింది, తల విదిలించింది. పోగు ఒకవైపు తెగింది. ముక్కున బెండుతో అది ఎగిరి గట్టు మీద కూలబడింది. ఎనిమిది రోజులు ఆ బెండుతోనే తిరిగింది, నోరు తెరవలేదు, తిండి లేదు. కాకులు ఏడు ఊళ్ళనుంచి బంధువుల్ని పిలిపించి మరీ చూపించాయి.

నవ్వు అక్కడితో సరి. ఇక్కడ పోగు ముక్క మట్టిగాడి వీపు మీదే ఉండిపోయింది. తడిసి, బిగిసి, ఉబ్బుల్లో ఒకదాన్ని కొరికి పట్టుకుంది. వాడు అలాగే తుంగ కాడ పట్టుకుని పైకెక్కాడు. ఇక ఆగే వేళ కాదది. వీపు పగిలింది. పదమూడో చొక్కా విడుస్తున్నాడు. లేత ఆకుపచ్చ ఒళ్ళు బయటికి వచ్చింది, ముడతలు పడ్డ రెక్కలు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగోది పోగు కింద ఇరుక్కుంది.

"ఉండరా, విప్పుతాను, విప్పుతాను!" బోదురమ్మ కాడ ఎక్కబోయింది.

"ముట్టుకోకమ్మా," అన్నాడు వాడు వణుకుతూ. "తడిగా ఉన్నాయి. ఇప్పుడు తాకితే అన్నీ పోతాయి."

కాడ కింద నిలబడి చూడటం తప్ప ఆమె చేయగలిగింది ఏమీ లేదు. ఎండ వచ్చింది. మూడు రెక్కలు అద్దాల్లా విచ్చుకున్నాయి. పోగు తనంతట తాను జారిపోయే వేళకి నాలుగో రెక్క నలిగినది నలిగినట్టే గట్టిపడిపోయింది.

తూనీగకి రెక్కల బతుకు నెలన్నర. ఆ నెలన్నర కోసమే బురదలో ఆ రెండేళ్ళు. తొలివాన ముందు గాలికి వేల తూనీగలు బావి మీదుగా పోతుంటే మట్టిగాడు కూడా లేచాడు. గట్టు దాటాడు, ఆముదం మొక్క దాకా వెళ్ళాడు. అక్కడ ఒక పక్కకి ఒరిగి, గుండ్రంగా తిరిగి, తిరిగి, మళ్ళీ బావిలోకే వచ్చి బోదురమ్మ నెత్తిన వాలాడు. ప్రతిరోజూ అంతే.

"తిట్టరా నన్ను," అంది ఆమె ఒకనాడు.

"ఎందుకే? నువ్వు ముడి వేస్తుంటే నాకు భలే భద్రంగా అనిపించింది."

వాడు తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ నెత్తి మీద ఎవరూ లేరు. ఏటా వేసవిలో పిల్లలు ఈతకి వస్తారు. బోదురమ్మ రాళ్ళ సందులోకి దూరదు. భయపడుతూనే మెట్టు మీద కూర్చుని ఇరవై రోజులూ చూస్తుంది. ఏకాంబరం ఆఖరి బెండు విప్పి పిల్లాణ్ణి తోసే క్షణాన బావి అదిరేలా అరుస్తుంది. మనుషులు తలెత్తి, వాన వచ్చేలా ఉందనుకుంటారు.

ప్రేమ ఉంటే బెండు కట్టడం ఎవరికైనా వస్తుంది. ఏ రోజున విప్పాలో తెలుసుకున్నవాళ్ళే ఈత నేర్పినవాళ్ళు.