టూ వీక్

"మాస్టారూ, ఈ మాటలాటలతో నాకు ఇంగ్లీషు వస్తుందా?" హైమవతి కూర్చోకుండానే అడిగింది. ఆమె కావలిలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. చెన్నైలో పెద్ద ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లి, నోరు పెగలక వెనక్కి వచ్చింది. మూడోది ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. గ్రామర్ పుస్తకాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూనే ఉంది.

భైరవమూర్తి మాస్టారు సుద్దముక్క అందుకున్నారు. పనులు ముగించుకుని సాయంత్రం తన మేడ మీదికి వచ్చేవాళ్లను ఆయన రోజూ ఒక్కటే అడుగుతారు: ఇవాళ చెవిన పడ్డ ఇంగ్లీషు మాట ఏది? దానికి ఎన్ని అర్థాలున్నాయో అందరూ కలిసి వెతకాలి. అదే ఆట, అదే పాఠం.

"ముందు నీ మాట చెప్పమ్మా."

"టూ వీక్," అంది హైమవతి విసుగ్గా. "బ్యూటీ పార్లర్‌లో పనిచేసే మిజోరం అమ్మాయి జ్వరంతో వచ్చింది. తెలుగు రాదు. ఫీవర్, టూ వీక్, ఇదే పాట. మరీ నీరసంగా ఉందని కేస్ షీట్‌లో రాశాను. డాక్టరమ్మ మాత్రలు రాసి, సెలైన్ అయ్యాక ఇంటికి పంపేయమన్నారు."

మాస్టారు ఆ మాటను నల్లబల్ల మీద తెలుగు అక్షరాల్లోనే రాశారు. టైలర్ మస్తాన్ తల గోక్కుని, "రెండు వారాలని కూడా అవుతుంది కదా మాస్టారూ!" అన్నాడు. అందరూ భలే అని నవ్వారు.

హైమవతి నవ్వలేదు. ఆ పిల్ల మాటిమాటికీ రెండు వేళ్లు ఎత్తి చూపించింది. ఇంటర్వ్యూ ధ్యాసలో తను సరిగా చూడనే లేదు. గబగబా మెట్లు దిగి, ఆటో కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తింది.

ఆ అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. హైమవతి ఆయాసపడుతూనే రెండు వేళ్లు ఎత్తి, "టూ వీక్? ఫోర్టీన్ డే ఫీవర్?" అంది. వ్యాకరణం గుర్తు రాలేదు. ఆ అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, "ఎస్ సిస్టర్, ఎస్," అంటూ ఏడ్చేసింది. ఆ రాత్రి పరీక్షల్లో ముదిరిన టైఫాయిడ్ బయటపడింది.

మర్నాడు హైమవతి వచ్చి జరిగినదంతా చెప్పింది. "నేను రాసిన ముక్కనే నమ్మి డాక్టరమ్మ ఆ పిల్లను పంపేయబోయారు మాస్టారూ," అని తల దించుకుంది.

మాస్టారు సుద్దముక్క ఆమె చేతిలో పెట్టారు.

"నిన్న ఆట మధ్యలో లేచిపోయావు. నీ వంతు అలాగే ఉంది."